బంగారు తీగ: మెరుపు చూసి మురిసిపోకండి!

పేరు బంగారు తీగ. పసుపు పట్టించిన దారాలను ఎవరో చెట్టు మీద ఆరేసినట్టు ఉంటుంది. అవుకులో మా పెరట్లో, నాపరాళ్ళ గోడ పక్కనున్న డురంటా కంచె మీద మొదటిసారి చూసినప్పుడు నేనూ ముచ్చటపడ్డాను. పిల్లలు దాన్ని తెంపి హారాల్లా మెళ్ళో వేసుకుని ఆడుకున్నారు. ఆట అయ్యాక మందార మీద పారేశారు. రెండు నెలలు తిరిగేసరికి మందార ఆకులు పాలిపోయాయి, మొగ్గలు విచ్చకుండానే రాలిపోయాయి.

చేతికందినంత పీకేశాను. వారంలో మళ్ళీ వచ్చింది.

"ఊరికే పీకితే పోదమ్మీ, కొమ్మతో సహా కోసేయల్ల" అంది పక్కింటి అక్క. ఆవిడ కంగారుకు కారణముంది. గోడ అవతల ఆమె మల్లెలు, కనకాంబరాలు. మాలలు కట్టి అమ్మితేనే ఆ ఇల్లు గడుస్తుంది. అప్పటికే ఒక కొస గోడెక్కింది!

ఏమిటీ తీగ?

సీతమ్మ పోగునూలు అని కూడా అంటారు. దీనికి ఆకులుండవు, తన తిండి తాను వండుకోలేదు. గింజ మొలిచిన కొద్దిరోజుల్లోనే ఏదో ఒక మొక్కను అందుకోవాలి. అందుకోగానే నేలలోని వేరు ఎండిపోతుంది. ఇక సన్నని పీల్చుడు వేళ్ళను కొమ్మలోకి దించి రసం లాగుతుంది. తీగను పీకినా ఆ వేళ్ళు కొమ్మలోనే ఉండిపోయి మళ్ళీ చిగురిస్తాయి. తెగిన ముక్క మరో మొక్క మీద పడితే అక్కడా బతికేస్తుంది. ఇందులో మన దగ్గరి లావు రకం చెట్లెక్కుతుంది. ఉత్తర అమెరికా నుంచి వచ్చిన సన్న రకం పైర్లను పాడుచేస్తుంది. కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో వరి కోశాక వేసే మినుము, పెసర రైతులకు బంగారు తీగ పెద్ద తలనొప్పి.

తీసేదెలా?

* పూత రాకముందే తీయండి. ఒక్క తీగ వేల గింజలు రాలుస్తుంది. అవి నేలలో పదేళ్ళకు పైగా బతికుంటాయి.
* తీగ చుట్టుకున్న చోటుకు జానెడు కిందికి కొమ్మను కోయండి.
* కోసేముందు కింద పాత చీర పరచండి. ముక్కలన్నీ మూటగట్టి, ఎండబెట్టి కాల్చండి. పెంటదిబ్బలో వేయొద్దు, పశువులకు పెట్టొద్దు. గింజలు పేడలోంచి ఎరువులోకి, ఎరువులోంచి మళ్ళీ పెరట్లోకి వస్తాయి.
* వారానికోసారి చెట్టు లోపలి కొమ్మలు చూడండి. నేల మీద పసుపు దారంలాంటి మొలక కనబడితే అప్పుడే లాగేయండి.
* తీగ పూర్తిగా పోయేదాకా అక్కడ మొక్కజొన్నో, జొన్నో వేసుకోవచ్చు. వాటిని ఇది సాధారణంగా పట్టదు.

ఆ మందార మా అత్తగారు నాటింది. కోయడానికి చేతులు రాలేదు. వారం వాయిదా వేశాను, ఆ వారంలో ఇంకో రెండు కొమ్మలు పోయాయి. చివరికి మోకాలెత్తు మొదలు మిగిల్చి కోసేశాం. కంచెనైతే పూర్తిగా తీసేశాం. కొడవలి పట్టింది నేనైతే, మూట కట్టింది అక్క.

వానలకు మందార మళ్ళీ చిగుళ్ళేసింది. అక్క మల్లెలకు ఏమీ కాలేదు. తొలి పువ్వు కోసి ఆమె ఇంటి దేవుడి పటానికే ఇచ్చాను. మీ గోడ మీద పసుపు దారం కనిపిస్తే దాచుకోకండి, ముందు పక్కింటివాళ్ళకు చెప్పండి.