పేకముక్కల్లో పోరు

రమ్మీ ఆడేవాళ్లకు ఏ పేకకట్టయినా ఒకటే. పాత కట్టలు సేకరించేవాళ్లకు మాత్రం సైన్యం, యుద్ధం వాసన ఉన్నవంటే మహా మోజు. ఆ ముచ్చట్లు కొన్ని...

★ అబుల్ ఫజల్ ‘ఐన్-ఇ-అక్బరీ’లో 12 రంగులు, 144 ముక్కల గంజీఫా ఆటను వర్ణించాడు. అందులో మొదటి మూడు రంగులూ సైనిక బలాలే: గుర్రం మీద ఢిల్లీ ప్రభువులా అశ్వపతి, ఏనుగు మీద ఒరిస్సా రాజులా గజపతి, కాల్బలంతో బీజాపూరు ఏలికలా నరపతి. మన నిర్మల్ చిత్రకారులు కూడా గంజీఫా ముక్కలకు రంగులద్దినవాళ్లే.

★ 1707లో ఇంగ్లండులో మార్ల్‌బరో సేనాని విజయాల మీద ఓ కట్ట వెలువడింది. యుద్ధ వార్తలు బొమ్మలుగా చూడటం అపురూపమైన రోజుల్లో జనం వాటిని పేకలో చూశారు.

★ 1862లో, అమెరికా అంతర్యుద్ధం మధ్యలో, న్యూయార్క్‌లోని అమెరికన్ కార్డ్ కంపెనీ రాజరికాన్ని పేకలోంచి గెంటేసింది. రాజు బదులు కల్నల్, రాణి బదులు స్వేచ్ఛాదేవత, జాకీ బదులు మేజర్ వచ్చారు. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు పోయి డేగలు, డాళ్లు, నక్షత్రాలు, జెండాలు కొలువుదీరాయి.

★ రెండో ప్రపంచయుద్ధంలో అమెరికాలో ముక్కల మీద యుద్ధ విమానాల నీడబొమ్మలు అచ్చేశారు. ఆడుతూ ఆడుతూనే, తల మీద ఎగిరేది మనదో శత్రువుదో పోల్చుకునే విద్య అబ్బేది.

★ అదే యుద్ధంలో జర్మనీ చెరలోని మిత్రదేశాల సైనికులకు పంపిన ‘బైసికిల్’ కట్టల్లో కొన్ని మాయకట్టలు. ముక్కను తడిపి పొర ఊడదీస్తే లోపల మ్యాపు తునక కనిపించేది. అన్నీ పేరిస్తే పారిపోయే దారి! వాడాలంటే చింపాల్సిందే కాబట్టి, పనికొచ్చిన కట్టేదీ మిగిలే వీల్లేదు. అందుకే ఇవి అరుదైనవాటిలోకెల్లా అరుదు.

★ 1966లో వియత్నాంలోని అమెరికన్ సైనికాధికారుల కోరిక మీద ‘బైసికిల్’ కట్టల కంపెనీ అన్నీ ఇస్పేటు ఆసులే ఉన్న కట్టలు పంపింది. ఆ ముక్క చూస్తే శత్రువు హడలిపోతాడని వాళ్ల నమ్మకం. వియత్నాంవాళ్లకేమో ఇస్పేటు ఆసంటే భయమూ లేదు, శకునమూ లేదు.

★ 2003 ఏప్రిల్‌లో ఇరాక్‌లో అమెరికా సేనలు వెతుకుతున్న 52 మంది ‘మోస్ట్ వాంటెడ్’ పేకకెక్కారు. సద్దాం హుస్సేన్ ఇస్పేటు ఆసు. కొడుకులు ఖుసే కళావరు ఆసు, ఉదే ఆఠీను ఆసు. సైన్యం తన కోసం వేయించుకున్నవి కొద్ది కట్టలే. అంగళ్లలో అమ్ముడుపోయినవి మాత్రం లెక్కలేనన్ని నకళ్లు. కొనేవాళ్లు తస్మాత్ జాగ్రత్త!

★ పాత అమెరికా కట్ట వయసు తేల్చాలంటే పెట్టె మీది పన్ను బిళ్ల చూడాలి. 1894 నుంచి 1965 దాకా అక్కడ పేక మీద ఫెడరల్ పన్ను ఉండేది. ఆ బిళ్ల చిరగలేదంటే కట్ట ఎవరి చేతిలోనూ పడలేదన్నమాట. పెట్టె, జోకరుతో సహా అన్నీ ఉంటే ధర ఇంకో మెట్టు ఎక్కుతుంది.