రెండు బోర్డులు, నలుగురు ఆటగాళ్లు... గెలుపు ఒక్కటే!

ఇద్దరు చదరంగం ఆడుతుంటే పక్కన చూసేవాళ్లు ఊరుకోరు. ఎత్తులు చెబుతారు, తగాదా మొదలవుతుంది. ఆ చూసేవాళ్లను కూడా ఆటలోకి దించేదే జోడీ చదరంగం. విదేశాల్లో దీన్ని 'బగ్‌హౌస్' అంటారు. నలుగురు కూర్చుని ఆడడం ఈ దేశానికి కొత్త కాదు. పాచికలు వేసి నలుగురు ఆడే చదరంగం గురించి అల్‌బిరూనీ సుమారు 1030లోనే రాశాడు.

ఆడే తీరు

రెండు బోర్డులు, రెండు సెట్ల పావులు కావాలి. అన్నదమ్ములు ఒక జోడీ, బావాబావమరుదులు ఇంకో జోడీ అనుకుందాం. అన్న తెల్లపావులతో బావ మీద, తమ్ముడు నల్లపావులతో బావమరిది మీద ఆడతారు. అన్న చంపిన నల్లగుర్రం పెట్టెలోకి పోదు, తమ్ముడి చేతికి వస్తుంది. తన వంతు వచ్చినప్పుడు ఎత్తు వేసే బదులు తమ్ముడు దాన్ని ఖాళీ గడిలో దించవచ్చు. బంటును మాత్రం మొదటి వరుసలో గానీ, చివరి వరుసలో గానీ దించకూడదు. చివరి గడి చేరి మంత్రి అయిన బంటు చస్తే మళ్లీ బంటుగానే చేతులు మారుతుంది. ఏ బోర్డు మీద ఆటకట్టు అయినా రెండు ఆటలూ ముగిసినట్టే.

చిక్కంతా ఇక్కడే

బావ ఏనుగు, గుర్రం దక్కుతున్నాయన్న ఆశతో అన్న తన మంత్రిని వదులుకున్నాడనుకోండి. మామూలు చదరంగంలో అది పెద్ద నష్టం కాదు. ఇక్కడ ఆ మంత్రి బావమరిది చేతికి చేరి, తమ్ముడి రాజు పక్కనే దిగుతుంది. తమ్ముడు ఒక్క తప్పూ చేయకుండానే ఓడిపోతాడు. అందుకే జోడీలు మాట్లాడుకోవచ్చు. "గుర్రం కావాలి", "మంత్రిని ఇవ్వొద్దు" అని పైకే చెప్పుకుంటారు.

గడియారం తప్పనిసరి. లేకుంటే ఓడేవాడు పక్కబోర్డు నుంచి పావు వచ్చేదాకా కదలకుండా కూర్చుంటాడు. మనిషికి అయిదు నిమిషాలు చాలు. బోర్డుకొక సెల్‌ఫోన్ ఉంటే అందులోనే గడియారం పెట్టుకోవచ్చు. దించిన పావుతోనే ఆట కట్టించవచ్చా లేదా అన్నది ఊరికో రకం. ముందే మాట అనుకుంటే పేచీ ఉండదు.

ఫిడే రేటింగుకు ఈ ఆట లెక్కలోకి రాదు. చెన్నైలో తెలుగు ఇంట పుట్టి, 2024 డిసెంబరులో పద్దెనిమిదేళ్లకే ప్రపంచ విజేత అయిన గుకేశ్ గెలిచింది ఒక్క బోర్డు మీది ఆటే. కొత్తగా నేర్చే పిల్లలు ముందు దాన్ని చేతిలోకి తెచ్చుకోవాలి. ఆ తర్వాత సెలవురోజున నలుగురు కూడితే రెండు బోర్డులు పక్కపక్కన పరచవచ్చు.