పట్టికలో పీట లేని మూలకము

నారాయణఖేడు ప్రాంతపు కంగ్టిలో గాని, మరి ఏ ఊరిలో గాని, రసాయనశాస్త్రము చదువుకొనే విద్యార్థికి ఆవర్తన పట్టిక పరిచితమే. దాని కుడి కొసన, అన్నిటికంటె పై వరుసలో, 2 అనే సంఖ్యతో హీలియము ఉన్నది. ఆ గడిలో చోటు దొరుకుటకు దానికి చాల కాలము పట్టినది. ఆ కథలో మొదటి ఘట్టము మన తెలుగుదేశములోనే జరిగినది.

1868 ఆగస్టు 18వ తేదీ ఉదయము సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ వనపర్తి, గుంటూరు, బందరుల మీదుగా సాగిపోయింది. వనపర్తిలో మద్రాసు నక్షత్రశాలకు చెందిన చింతామణి రఘునాథాచారి, బందరులో ఆ నక్షత్రశాల అధిపతి పాగ్సన్, గుంటూరులో మేజరు టెన్నెంటు, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ దూరదర్శినులతో కాచుకొని ఉన్నారు. జాన్సెన్ తన పరికరములను ఒక ఫ్రెంచి వర్తకుని మేడపై అమర్చుకున్నాడు. గ్రహణవేళ సూర్యుని అంచున కనిపించే ఎర్రని జ్వాలలు ఏ పదార్థముతో అయినవో తేల్చుట వారి ముఖ్యోద్దేశము.

పొయ్యిమంటలో చిటికెడు ఉప్పు చల్లి చూడండి. మంట పసుపుపచ్చగా మారుతుంది. ఆ రంగు ఉప్పులోని సోడియముది. ఆ వెలుగును వర్ణపటదర్శినిలో చూస్తే రెండు పసుపు గీతలు పక్కపక్కనే కనబడతాయి. ఇట్లే ప్రతి మూలకమునకూ తన గీతలు తనకు వేరుగా ఉంటాయి. ఏ ఇద్దరి వేలిముద్రలూ కలియనట్లు ఇవీ కలియవు.

ఆ ఉదయము జ్వాలలలో ఉదజని గీతలు ప్రకాశవంతముగా కనబడినవి. అనగా అవి వాయుజ్వాలలే. వాటితోపాటు ఒక పసుపు గీత కూడ ఉన్నది. దానిని చాలమంది సోడియము గీత అనుకున్నారు. పాగ్సన్ మాత్రము అది సోడియము స్థానములోనో, దాని దాపుననో ఉన్నదని సందేహముగా వ్రాశాడు.

గుంటూరులో జాన్సెన్ హీలియమును కనుగొన్నాడని పెక్కు పుస్తకములలో కనబడుతుంది. ఈ మాట పూర్తిగా సరికాదు. ఆయన సాధించినది వేరు, అదీ తక్కువది కాదు. గీతలు అంత ప్రకాశముతో ఉంటే గ్రహణము లేకుండానే చూడవచ్చునని తలచి, మరునాడే పట్టపగలు చూచి నిరూపించాడు. అక్టోబరు 20న ఇంగ్లండులో లాకియర్ కూడ స్వతంత్రముగా ఆ పని చేశాడు. ఇద్దరి వార్తలూ పారిసులోని అకాడమీకి ఒకేరోజున అందుట విచిత్రము!

పసుపు గీత స్థానమును జాగ్రత్తగా కొలిచినవాడు లాకియర్. సోడియము గీతలు 589.0, 589.6 నానోమీటర్ల వద్ద ఉంటాయి. ఇది 587.6 వద్ద ఉన్నది. భూమిపై తెలిసిన ఏ పదార్థమూ ఆ గీతను ఇవ్వలేదు. కనుక ఇది కొత్త మూలకమని భావించి, సూర్యుని గ్రీకు పేరును బట్టి హీలియము అన్నారు. పేరు చివరి ‘ఇయము’ లోహములకు పెట్టే ప్రత్యయము. అది వాయువని అప్పటికి ఎవరికి తెలుసును?

1869లో మెండలీఫ్ తన పట్టికను ప్రకటించాడు. అప్పటికి తెలిసిన మూలకములు 63. ఆయన వదలిన ఖాళీలలో గాలియము 1875లో, స్కాండియము 1879లో, జెర్మేనియము 1886లో వచ్చి చేరినవి. హీలియమునకు మాత్రము ఖాళీ అయినా లేదు. మూలకమును పట్టికలో కూర్చోబెట్టుటకు దాని పరమాణు భారము, సంయోగ సామర్థ్యము తెలియాలి. దీనికి ఉన్నదల్లా ఒక గీత. మెండలీఫ్ దానిని నమ్మకపోవుట మొండితనమని నేననుకోను. ఆధారము చాలలేదు, అంతే.

1895 మార్చిలో లండనులో రామ్సే యురేనియము గల క్లీవైటు ఖనిజమును ఆమ్లముతో కాచి వచ్చిన వాయువును పరీక్షించాడు. ఆయన వెదకినది ఆర్గానును. కనబడినది 587.6 గీత! సూర్యుని వస్తువు సీసాలో పట్టుబడినది. దాని పరమాణు భారము సుమారు 4 అని తేలినది.

1894లో దొరికిన ఆర్గాను కూడ ఏ మూలకముతోనూ కలియక, పట్టికలో చోటులేక చిక్కు తెచ్చిపెట్టినది. ఒక్క వాయువైతే పొరపాటని త్రోసివేయవచ్చును. 1898లో నియాను, క్రిప్టాను, జీనాను కూడ దొరకగానే, ఇవన్నీ ఒక కుటుంబమని స్పష్టమైనది. వాటి కొరకు ఒక కొత్త నిలువు వరుసనే చేర్చవలసి వచ్చినది. తుదకు మెండలీఫ్ కూడ అంగీకరించాడు. తాను ఊహించని వరుస వచ్చి చేరినా పట్టిక చెదరలేదు. గాలియము రాకకంటె నాకు ఇదే పెద్ద పరీక్షగా తోస్తుంది.

అయినా హీలియము గడిపై చర్చ ముగియలేదు. ఆ కుటుంబములో తక్కినవాటికి వెలుపలి కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రానులుంటే, దీనికి ఉన్నవి మొత్తము రెండే. అందువల్ల దానిని బెరీలియము పైన ఉంచాలని వాదించే రసాయన శాస్త్రజ్ఞులు ఇప్పటికీ ఉన్నారు.