సున్నకు దిగువ లేని లెక్క

గాదెలో ధాన్యము ఎన్ని బస్తాలున్నదని అడిగినచో "పది" అని గాని, "ఏమియు లేదు" అని గాని చెప్పుదురు. "ఋణము మూడు" అని ఎవ్వరును చెప్పరు. కంప్యూటరు మెమరీలో ఒక పట్టిక ఆక్రమించు చోటు కూడ ఇట్టిదే. దానిని బైట్లలో కొలుతురు. అది సున్నకు తక్కువ కానేరదు.

సీ భాషను 1970 దశకపు ప్రారంభమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెనిస్ రిచీ రూపొందించెను. అది పెరిగిన పి.డి.పి.-11 యంత్రములో చిరునామాకు 16 బిట్లుండెడివి. వానితో 65,536 బైట్లను వేరువేరుగా గుర్తింపవచ్చును. కాని 16 బిట్ల సంఖ్యలో ధన, ఋణములు రెండింటికిని తావిచ్చినచో మిక్కిలి పెద్ద సంఖ్య 32,767 మాత్రమే. 40,000 బైట్ల పట్టిక మెమరీలో పట్టును గాని, దాని కొలత ఆ సంఖ్యలో పట్టదు! ఋణసంఖ్యలను విడిచినచో 65,535 వరకు లెక్కింపవచ్చును. 1989లో వెలువడిన సీ ప్రమాణము వస్తువుల పరిమాణమునకై 'సైజ్-టి' అను గుర్తులేని పూర్ణాంకమును నిర్ణయించెను. దాని బిట్ల సంఖ్య యంత్రమును బట్టి మారును.

అయితే ఈ సౌకర్యమునకు ఒక మూల్యము కలదు. మోటారుకారు మైళ్ల మీటరును 00000 నుండి ఒక అంకె వెనుకకు త్రిప్పినచో 99999 కనబడును గదా! గుర్తులేని సంఖ్యయు అట్లే చుట్టి వచ్చును. 4 బిట్లతో 0 నుండి 15 వరకే లెక్క. అందు 3 నుండి 5 తీసివేసినచో వచ్చునది 14.

ఇది వినోదము మాత్రమే కాదు. ఒక సందేశము పొడవు నుండి 8 బైట్ల శీర్షికను తీసివేసి, మిగిలినదానిని నకలు చేయవలెననుకొందము. ఎవరైనను 5 బైట్ల సందేశమునే పంపినచో, 64 బిట్ల లెక్కలో మిగులు 18446744073709551613 అగును. ప్రోగ్రాము అన్ని బైట్లను నకలు చేయబూని, ప్రక్కనున్న సమాచారమును చెరపివేయవచ్చును, లేదా మధ్యలో ఆగిపోవచ్చును.

అట్లే, పట్టికను చివరి నుండి చదువుచు "స్థానము సున్న గాని అంతకు ఎక్కువ గాని అయినంతవరకు" అని వ్రాసినచో ఆ షరతు ఎన్నడును తప్పు కాదు. ఆవృత్తి తనంతట తాను ముగియదు.

నివారణ సులభము: తీసివేయుటకు ముందు పోల్చవలెను. పొడవు 8 కంటె తక్కువయైనచో సందేశమును త్రోసిపుచ్చవలెను. "పొడవులో 8 పోగా సున్నకు తక్కువా?" అని పిదప అడిగిన ప్రయోజనము లేదు. గుర్తులేని సంఖ్య "కాదు" అనియే బదులు చెప్పును.

విద్యార్థులు 4 బిట్ల లెక్కలో 2 నుండి 7 తీసివేసి చూడుడు. జవాబు 11 వచ్చినచో విషయము మీకు బోధపడినట్లే.