రాత్రి తినకున్నా.. పొద్దున చక్కెర ఎందుకు?

రాత్రి అన్నం మానేశారు. ఒక గ్లాసు మజ్జిగ తాగి పడుకున్నారు. పడుకునే ముందు చూసుకుంటే గ్లూకోజు 130. తెల్లారి పరగడుపున చూస్తే 150! నిద్రలో ఏమీ తినలేదు కదా, ఈ 20 ఎక్కడి నుంచి వచ్చింది? మధుమేహం ఉన్న ఇళ్లలో తరచూ ఎదురయ్యే ప్రశ్నే ఇది. ఇంట్లో వాళ్ల చూపు ముందుగా ఫ్రిజ్‌లోని మిఠాయి డబ్బా మీదికి పోతుంది. పాపం, పెద్దాయన ఎంత చెప్పినా ఎవరూ నమ్మరు. కానీ చాలాసార్లు ఆయన చెప్పేదే నిజం. ఆ చక్కెరను రక్తంలోకి వదిలింది ఆయన కాలేయమే.

రక్తంలో ఒక్క చెంచాడే

పెద్దవారి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవారిలో పరగడుపున ఆ రక్తమంతటిలో కరిగి ఉండే గ్లూకోజు దాదాపు 5 గ్రాములు. అంటే చిన్న చెంచాడు పంచదారంత! మరి ఖర్చో? మెదడు ఒక్కటే రోజుకు 120 గ్రాముల వరకూ వాడేసుకుంటుంది. మీరు నిద్రపోయినా దానికి సెలవు లేదు. ఎర్ర రక్తకణాలకైతే గ్లూకోజు తప్ప మరో ఇంధనమే తెలియదు. ఎప్పటికప్పుడు నింపేవాళ్లు లేకపోతే ఆ చెంచాడు గంటసేపు కూడా నిలవదు.

ఇప్పుడు భోజనం సంగతి చూడండి. ఒక కప్పు అన్నంలో సుమారు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. అరిగాక అదంతా గ్లూకోజే. ఐదు గ్రాములు ఉండాల్సిన చోటికి అంత చక్కెర వచ్చిపడితే దాన్ని ఎక్కడో ఒకచోట సర్దాలి. ఆ పని చేయించేది క్లోమగ్రంథి నుంచి వచ్చే ఇన్సులిన్. అది కండరాలకు, కొవ్వు కణాలకు తలుపులు తెరుస్తుంది. ‘నువ్వు దాచుకో, బయటికి వదలకు’ అని కాలేయానికి చెబుతుంది. కణాల్లోకి వెళ్లిన గ్లూకోజులో కొంత మనం పీల్చిన ఆక్సిజన్‌తో కలిసి మండి, శక్తిగా మారుతుంది. మిగిలింది గ్లైకోజెన్ రూపంలో నిల్వ. ఇంకా మిగిలితే కొవ్వు.

ఈ నిల్వలో ఒక తిరకాసుంది. కండరాల్లో 400 గ్రాముల దాకా గ్లైకోజెన్ పడుతుంది, కానీ అవి దాన్ని తామే వాడుకుంటాయి. రక్తానికి తిరిగి ఇవ్వవు. కాలేయంలో పట్టేది 100 గ్రాములే అయినా, అది ఊరందరికీ కొలిచి పెట్టే గాదె లాంటిది. ఈ సంగతిని మొదట పట్టుకున్నది ఫ్రెంచి శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్. కేవలం మాంసం తిన్న జంతువు కాలేయం నుంచి బయటికొచ్చే రక్తంలోనూ చక్కెర ఉందని 1848లో ఆయన గమనించారు. జంతువుల ఒంట్లోని చక్కెర అంతా తిండి నుంచే వస్తుందని నమ్మిన రోజులవి.

తెల్లవారుజామున ఏం జరుగుతుంది?

మూడు, నాలుగు గంటల నుంచే శరీరం లేవడానికి సిద్ధమవుతుంది. కార్టిజాల్, గ్రోత్ హార్మోన్ వంటివి పెరిగి, గ్లూకోజు వదలమని కాలేయాన్ని తొందర పెడతాయి. మధుమేహం లేనివారిలో ఇన్సులిన్ కూడా కాస్త పెరిగి పగ్గం వేస్తుంది. మధుమేహుల్లో ఆ పగ్గం వదులు. అందుకే రాత్రి తినకపోయినా పొద్దున అంకె ఎక్కుతుంది. చాలామంది వేసుకునే మెట్‌ఫార్మిన్ ప్రధానంగా చేసేది ఈ కాలేయాన్ని అదుపులో పెట్టడమే.

అసలు ప్రమాదం ఇక్కడే

పొద్దున అంకె చూసి భయపడి రాత్రి భోజనం పూర్తిగా మానేసేవాళ్లున్నారు. శనివారం ఒక్కపొద్దు పేరుతో ఏమీ తినకుండా మాత్ర మాత్రం మరవకుండా వేసుకునేవాళ్లూ ఉన్నారు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ రకం మాత్రలు మీరు తిన్నారా లేదా అని చూడవు, ఇన్సులిన్‌ను బయటికి తోస్తాయి. ఇన్సులిన్ ఇంజెక్షన్ కూడా అంతే. నిద్రలో గ్లూకోజు 70 కన్నా కిందికి జారిపోవచ్చు. ఒళ్లంతా చెమటలు, పీడకలలు, పొద్దున లేవగానే తలనొప్పి, మాట తడబాటు దాని గుర్తులు. వయసు పైబడినవారిలో, కిడ్నీలు బలహీనపడినవారిలో ముప్పు మరీ ఎక్కువ. ఉపవాసం ఉండాలనుకుంటే ఆ రోజు ఏ మాత్ర వేసుకోవాలో, ఏది ఆపాలో ముందుగానే డాక్టర్‌ను అడగండి.

మనిషి స్పృహలో ఉంటే మూడు చెంచాల గ్లూకోజు పొడి గానీ పంచదార గానీ నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించండి. కోలుకున్నాక ఏదైనా తినిపించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

మీరు చేయగలిగింది

రాత్రి తిండి మానేయడం కంటే పెందలాడే, మితంగా తినడం మేలు. అన్నం బదులు నాలుగు చపాతీలు లాగిస్తే ఒరిగేది పెద్దగా ఉండదు. తిన్నాక ఓ పావుగంట నడవండి. కదిలే కండరం ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే గ్లూకోజును లోపలికి లాక్కుంటుంది. ఇంత చవకైన మందు మరొకటి లేదు.

పొద్దున అంకె రోజూ ఎక్కువగానే ఉంటే రెండు మూడు రాత్రులు పడుకునే ముందు, 3 గంటలకు, లేవగానే పరీక్షించుకోండి. మూడింటికే 70 కన్నా తగ్గితే మందు మోతాదు ఎక్కువవుతోందేమో చూడాలి. అప్పటిదాకా బాగుండి తర్వాత పెరిగితే అది తెల్లవారుజాము పెరుగుదల. పడుకునేటప్పుడే ఎక్కువుంటే రాత్రి భోజనాన్ని సరిచూసుకోవాలి. మూడింటికీ చికిత్స వేరు కాబట్టి అంకెలను సమయంతో సహా రాసి డాక్టర్‌కు చూపించండి. సొంతంగా మాత్రలు పెంచుకోవద్దు. అన్నట్టు, పరీక్షకు ముందు చేతులు కడుక్కుని ఆరబెట్టుకోండి. వేలికి పండు రసం అంటి ఉన్నా మీటర్ దాన్ని మీ రక్తంలోని చక్కెరగానే లెక్కేస్తుంది.