పెద్దబండి ముందే చెబుతుంది!

వేములవాడ రాజన్నకు కోడెమొక్కు చెల్లించాలి. బాసరలో మనవడికి అక్షరాభ్యాసం చేయించాలి. కొండగట్టు అంజన్నను చూసి రావాలి. దుబాయ్‌ వెళ్తున్న పెద్దకొడుకును శంషాబాద్‌లో విమానం ఎక్కించాలి... పాత కరీంనగర్‌, ఆదిలాబాద్‌ జిల్లాల్లో ఏ ఇంట ఏ పని పడ్డా బయల్దేరేది ఇద్దరో ముగ్గురో కాదు. అవ్వ, తాత, కొడుకులు, కోడళ్లు, పిల్లలు, సద్దిమూటలు, నీళ్ల క్యాన్లు... అందరికీ చోటుండాలంటే పెద్దబండే కావాలి. క్వాలిస్‌, సుమో, టవేరా, బొలెరో, ఇన్నోవా... పేరేదైనా ఇంటిల్లిపాదినీ మోసేది అదే.

అలాంటి బండికి పదిహేనేళ్లో, ఇరవయ్యేళ్లో నిండాయనుకోండి. అమ్మేద్దామంటే చేతికొచ్చేది అంతంతమాత్రం. కొత్తది కొందామంటే లక్షల మాట. పైగా ఇంజిన్‌ ఇంకా గట్టిగానే ఉంది. మరేం చేయాలి? జాగ్రత్తగా చూసుకుంటే చాలు, ఇంకొన్నేళ్లు నిక్షేపంగా నడుస్తుంది. పాత బండి ఉన్నట్టుండి మొరాయించడం తక్కువ. ఆగిపోయేముందు సూదితోనో, పొగతోనో, చప్పుడుతోనో చెబుతుంది. ఆ మాట వినకపోతేనే చిక్కు. ఎందుకంటే అందులో కూర్చునేది ఒక్కరు కాదు, ఓ కుటుంబం!

జింక నుంచి క్వాలిస్‌ దాకా

మన రోడ్లపై పెద్దబండ్ల కథ చిత్రమైనది. సుమో అనగానే జపాన్‌ మల్లయోధులు గుర్తొస్తారు. నిజానికి ఆ పేరు టాటా సంస్థకు సారథ్యం వహించిన సుమంత్‌ మూల్గావ్‌కర్‌ది. ఆయన పేరులోని మొదటి అక్షరాలు, ఇంటిపేరులోని మొదటి అక్షరాలు కలిపి 1994లో బండికి పెట్టారు. 2019లో దాని తయారీ ఆగిపోయింది.

క్వాలిస్‌ది మరో కథ. ఇండోనేషియాలో టయోటా అమ్మిన ‘కిజాంగ్‌’ అనే బండికి ఇది మన దేశపు రూపం. కిజాంగ్‌ అంటే అక్కడి భాషలో ఓ రకం జింక. బెంగళూరు దగ్గరి బిడదిలో తయారై 2000లో మార్కెట్లోకొచ్చిన క్వాలిస్‌... బాగా అమ్ముడవుతున్న రోజుల్లోనే, 2005లో ఇన్నోవాకు దారిచ్చి తప్పుకుంది. 2004లో వచ్చిన టవేరాను అమ్మిన జనరల్‌ మోటార్స్‌ 2017 చివరికల్లా మన దేశంలో అమ్మకాలే మానేసింది. అంటే ఈ బండ్లలో చాలావాటికి కన్నవారి అండ తగ్గిపోయింది. చూసుకోవాల్సింది ఇక కొన్నవాళ్లూ, ఊళ్లోని మెకానిక్కులే.

ఎండల్లో... నీళ్లు చాలవు

రామగుండంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. సరిగ్గా అప్పుడే పెళ్లిళ్లు, మొక్కులు. బండి నిండా మనుషులు, పైన సామాను, లోపల ఏసీ... ఆ భారమంతా పడేది రేడియేటర్‌ మీద. పాత బండ్లు దారిలో ఆగిపోవడానికి ముఖ్య కారణాల్లో వేడెక్కడం ఒకటి.

చాలామంది రేడియేటర్‌లో బోరునీళ్లు పోసేస్తుంటారు. బోరునీళ్లలోని లవణాలు టీ కాచే గిన్నెకు పట్టినట్టే రేడియేటర్‌ సన్నగొట్టాల్లోనూ పొరలా పేరుకుపోతాయి. దాంతో నీరు సరిగా తిరగదు. అందుకే కూలెంట్‌నే వాడాలి. కలపాల్సి వస్తే డిస్టిల్డ్‌ వాటర్‌ కలపాలి. కూలెంట్‌ తుప్పునూ ఆపుతుంది, నీటికన్నా ఎక్కువ వేడి దాకా మరగకుండా ఉంటుంది. గ్రానైట్‌ లారీలు తిరిగే కరీంనగర్‌ రోడ్లలో, బొగ్గు లారీలు తిరిగే గోదావరిఖని, మందమర్రి దారుల్లో దుమ్ము రేడియేటర్‌ జాలీని మూసేస్తుంది. సర్వీసింగ్‌ చేయించినప్పుడల్లా దాన్ని ఊదించాలి. ఎయిర్‌ ఫిల్టర్‌ కూడా అంతే. పుస్తకంలో రాసిన కిలోమీటర్లు నిండేదాకా ఆగకుండా ముందే చూసుకోవాలి.

దారిలో సూది ఎర్రగీత వైపు లేస్తోందా? వెంటనే ఏసీ ఆపండి. హీటర్‌ ఉంటే పూర్తిగా తిప్పండి. ఉక్కపోసినా సరే, ఇంజిన్‌ వేడిని కొంత అది లాగేస్తుంది. పక్కకు తీసి ఆపండి. ఆవిరి వస్తున్నా, కింద నీళ్లు కారుతున్నా, ఫ్యాన్‌ బెల్టు తెగినా ఇంజిన్‌ కట్టేయాల్సిందే. రేడియేటర్‌ మూత మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వెంటనే తీయొద్దు. మరుగుతున్న నీరు ఎగజిమ్మి మొహం, చేతులు కాలిపోతాయి. హోస్‌పైపును చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాకే గుడ్డ వేసి నెమ్మదిగా తిప్పాలి. సెగలు కక్కుతున్న ఇంజిన్లో చన్నీళ్లు గుమ్మరించినా హెడ్డు పగిలే ప్రమాదముంది.

‘ఇంకో పది కిలోమీటర్లేగా’ అని తోలితే హెడ్‌ గ్యాస్కెట్‌ పోతుంది. ఆయిల్‌ గేజీ తీసి చూస్తే పాలు కలిపిన టీలా కనిపించిందంటే ఆయిల్లో నీరు కలిసిందన్నమాటే. ఆ బండిని ఇక తోలకూడదు, కట్టి లాక్కెళ్లాలి.

ఒక్క బెల్టు... ఇంజిన్‌ ఖరీదు

క్వాలిస్‌ డీజిల్‌ ఇంజిన్లో బయటికి కనిపించని టైమింగ్‌ బెల్టు ఒకటుంటుంది. లోపల పిస్టన్లు, వాల్వులు ఒకదానికొకటి తగలకుండా వరస తప్పనివ్వనిది అదే. రబ్బరుది కాబట్టి దానికీ వయసుంటుంది. క్వాలిస్‌కు సాధారణంగా లక్ష కిలోమీటర్లకు మార్చాలి. పాత ఇన్నోవాకూ బెల్టే. ఎప్పుడు మార్చాలో దాని పుస్తకంలో ఉంటుంది. కొన్ని బండ్లలో బెల్టు బదులు చెయినో, గేర్లో ఉంటాయి. మీ బండికి ఏముందో మెకానిక్‌ను అడిగి తెలుసుకోండి.

అన్ని భాగాలూ ముందే చెబుతాయన్న మాటకు ఈ బెల్టు ఓ మినహాయింపు. చప్పుడు చేయదు, పొగ రానివ్వదు. ఒక్కసారిగా తెగుతుంది. తెగితే ఇంజిన్‌ పైభాగం మొత్తం విప్పాల్సిందే. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్లయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మీటరు తిప్పారో లేదో, బెల్టు మార్చారో లేదో ఎవరికి తెలుసు? ఆధారం కాగితం మీద లేకపోతే మార్చలేదనే అనుకోవాలి. కొన్న వెంటనే బెల్టు, దాని టెన్షనర్‌ బేరింగు మార్పించాకే దూరప్రయాణం పెట్టుకోవాలి.

ఘాట్‌ దిగేటప్పుడు

నిర్మల్‌ దాటాక మహబూబ్‌ ఘాట్‌ మలుపులు, కొండగట్టు మెట్ట... నిండుగా ఉన్న బండికి అసలు పరీక్ష ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ కడుపుకోత ఈ ప్రాంతం మరిచిపోయేది కాదు. వాలులో దిగేటప్పుడు బరువుకు ఎంత విలువుందో బస్సుకైనా, సుమోకైనా ఒకటే లెక్క. ఎనిమిది మంది బండిలో పన్నెండు మందిని కుక్కితే బ్రేకుల మీద పడే భారం పెరిగిపోతుంది.

డీజిల్‌ మిగులుతుందని వాలులో న్యూట్రల్‌ చేయడం, ఇంజిన్‌ కట్టేయడం ప్రాణాలతో చెలగాటమే. బ్రేకు పెడల్‌కు బలమిచ్చే వాక్యూమ్‌ ఇంజిన్‌ తిరిగితేనే పుడుతుంది. ఇంజిన్‌ ఆగితే రెండు మూడు తొక్కులకే పెడల్‌ రాయిలా బిగుసుకుంటుంది. పవర్‌ స్టీరింగూ బరువెక్కుతుంది. ఏ గేరులో ఎక్కుతామో దాదాపు అదే గేరులో దిగాలి. అప్పుడు ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకులకు విశ్రాంతి దొరుకుతుంది.

బ్రేకు ఆయిల్‌ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. తేమ పట్టిన ఆయిల్‌ ఘాట్‌లో వేడికి మరిగి బుడగలు కడుతుంది. పెడల్‌ మెత్తగా లోపలికి పోతుంది. అందుకే తక్కువైతే పోసుకోవడమే కాదు, రెండేళ్లకోసారి మొత్తం మార్పించాలి. ముందు ప్యాడ్లతో పాటు వెనక డ్రమ్ముల్లోని లైనర్లూ విప్పి చూడమనండి. కనిపించవు కదా అని చాలాచోట్ల వాటిని వదిలేస్తుంటారు.

పొగ రంగు, చప్పుడు తీరు

డాక్టరు నాలుక చూసినట్టే మెకానిక్‌ సైలెన్సర్‌ చూస్తాడు. నల్లటి పొగ దట్టంగా వస్తోందంటే గాలి చాలడం లేదనో, డీజిల్‌ ఎక్కువ పడుతోందనో అర్థం. ముందు ఎయిర్‌ ఫిల్టర్‌, తర్వాత ఇంజెక్టర్లు చూడాలి. నీలిపొగ అయితే ఇంజిన్‌ ఆయిల్‌ కాలుతున్నట్టు. ఆయిల్‌ మట్టం వారంవారం చూసుకోవాలి. పొద్దున స్టార్ట్‌ చేయగానే కాసేపు తెల్లపొగ వచ్చి తగ్గిపోతే పెద్ద భయం లేదు. బండి వేడెక్కాకా ఆగకుండా వస్తూ, కూలెంట్‌ తగ్గుతోందంటే మాత్రం గ్యాస్కెట్‌ను అనుమానించాలి.

చప్పుళ్లకూ అర్థాలున్నాయి. స్టార్ట్‌ చేయగానే కీచుమంటే బెల్టు వదులైంది. స్పీడ్‌బ్రేకర్‌ మీద దడేల్మంటే బుష్షులో, బాల్‌జాయింట్లో అరిగాయి. గేరు వేసి క్లచ్‌ వదలగానే కింద ‘టక్‌’మంటే ప్రొపెల్లర్‌ షాఫ్టు క్రాస్‌ను చూడాలి. వేగంతోపాటు పెరిగే బూమ్మనే శబ్దం చక్రం బేరింగుది కావచ్చు. బ్రేకు వేస్తే గరగరమంటే ప్యాడ్లు పూర్తిగా అరిగినట్టే... ఆరోజే ఆపేయాలి.

నాగోబా చలి, కుంటాల వాన

పుష్యమాసంలో నాగోబా జాతర. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో తెల్లారేసరికి ఎముకలు కొరికే చలి. ఆదిలాబాద్‌లో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత 5 డిగ్రీల లోపుకు పడిపోతుంది. పాత డీజిల్‌ బండి పొద్దున్నే మొరాయించేది ఇక్కడే. లోపల గాలిని వేడి చేసే గ్లోప్లగ్గులు నాలుగింట్లో రెండు కాలిపోయినా ఎండాకాలం తెలియదు, చలికాలం బయటపడుతుంది. తాళం తిప్పాక గ్లో లైటు ఆరేదాకా ఆగి స్టార్ట్‌ చేయాలి. ఐదు పది సెకన్లకు మించి సెల్ఫ్‌ కొట్టొద్దు, బ్యాటరీ చచ్చిపోతుంది.

వానాకాలంలో కుంటాల జలపాతం చూడ్డానికి వెళ్లే ముందు వైపర్‌ రబ్బర్లు మార్పించండి. డీజిల్‌ ఫిల్టర్‌ కింద చేరిన నీటిని వదిలించండి. ఒర్రె పొంగి రోడ్డు మీద పారుతుంటే మాత్రం దాటించొద్దు. బండి ఎంత పెద్దదైనా నీటి ముందు చిన్నదే. ఎయిర్‌ ఫిల్టర్‌ గుండా ఇంజిన్లోకి నీరు వెళ్తే కనెక్టింగ్‌ రాడ్డు వంగిపోతుంది. నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్‌ చేయబోవద్దు.

టైరుకూ పుట్టినరోజుంది

బండి తక్కువ తిరుగుతుంది కాబట్టి టైర్ల గీతలు నిండుగానే కనిపిస్తాయి. కానీ రబ్బరు కూర్చున్నా ముసలిదవుతుంది. టైరు పక్కన నాలుగంకెలు చూడండి. ‘2319’ అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఐదారేళ్లు దాటితే ఏటా చూపించుకోవాలి. పగుళ్లు కనిపిస్తే గీతలున్నా మార్చాల్సిందే. మర్చిపోయేది స్టెప్నీ! కావాల్సిన రోజున అందులో గాలి ఉండదు. జన్నారం అడవి దారిలో రాత్రిపూట పంక్చరైతే సాయానికి వచ్చేవాళ్లుండరు. జాకీ, పానా, టార్చిలైటు బండిలోనే ఉండాలి.

కాగితాలూ బండిలో భాగమే

ఏపీ 15, ఏపీ 01 నంబర్లతో ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్టరైన పెద్దబండ్లు ఇంకా తిరుగుతున్నాయి. రాష్ట్రం ఏర్పడ్డాక టీఎస్‌, 2024లో టీజీ వచ్చినా పాత నంబర్లు అలాగే చెల్లుతాయి. కానీ సొంతబండి రిజిస్ట్రేషన్‌ గడువు 15 ఏళ్లే. ఆ తర్వాత తనిఖీ చేసి ఐదేసేళ్లకు పొడిగిస్తారు, గ్రీన్‌ట్యాక్స్‌ కట్టాలి. కార్ల రెన్యువల్‌ ఫీజు 2022 ఏప్రిల్‌ నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025లో 10,000 చేశారు. బండి ఉంచుకోవాలా, వదిలించుకోవాలా అని లెక్క వేసుకునేటప్పుడు దీన్నీ కలుపుకోవాలి.

ఇంకో మాట. సొంతబండిని ఎవరో అడిగారని కిరాయికి పంపిస్తే, జరగరానిది జరిగినప్పుడు బీమా కంపెనీ సొమ్ము ఇవ్వననవచ్చు. ఆ కిరాయి డబ్బులకు చూసుకుంటే మొత్తానికే మోసం.

బయల్దేరే ముందు పది నిమిషాలు

* ఇంజిన్‌ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్‌, కూలెంట్‌, బ్రేకు ఆయిల్‌ మట్టాలు చూడండి.
* రాత్రి బండి నిలిపిన చోట కింద మరకలున్నాయేమో గమనించండి.
* బెల్టులు, హోస్‌పైపులు పగిలాయేమో వేలితో తడిమి చూడండి.
* స్టెప్నీ సహా ఐదు టైర్లలో గాలి కొట్టించండి. నిండా ఎక్కితే వెనక టైర్లకు ఎంత ఉండాలో తలుపు దగ్గరి స్టిక్కరు మీదో, పుస్తకంలోనో ఉంటుంది.
* లైట్లు, ఇండికేటర్లు, వైపర్లు, హారన్‌ పనిచేస్తున్నాయా చూడండి.
* పైన క్యారియర్‌ మీద బరువైనవి వద్దు. మలుపుల్లో బండి ఒరిగిపోతుంది. బియ్యం బస్తాలు, నీళ్ల క్యాన్లు కిందనే పెట్టండి.
* తోలే ముందు నాలుగడుగులు కదిలించి బ్రేకు తొక్కి చూడండి.

చివరిగా ఓ ఐదు రూపాయల పని. డాష్‌బోర్డులో చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. ఆయిల్‌ ఎప్పుడు మార్చారు, ఎన్ని కిలోమీటర్లకు, బెల్టు ఏ రోజు వేశారు, బ్యాటరీ ఎప్పుడు కొన్నారు... తేదీ వేసి రాయండి. మెకానిక్‌ మారినా, తోలేవాళ్లు మారినా ఆ పుస్తకం మారదు. రేపు బండి అమ్మాలన్నా అదే మంచి సాక్ష్యం. ఇంట్లో పిల్లాడికి టీకాల కార్డు దాచిపెట్టినంత శ్రద్ధ చాలు. పిల్లలందరినీ మోసే బండికి ఆమాత్రం చేయలేమా!