పసుపు నలుపు చారల వెనక

"ఏవిట్రా ఆ మోత? దేవుడికేమన్నా చెవుడనుకున్నావా?"

నిడదవోల్లో క్రిస్మస్ పాటల ప్రాక్టీసు. గిటార్‌కి డిస్టార్షన్ పెడల్ తగిలించిన మొదటి రోజునే మా సంఘంలో ఓ పెద్దాయన అన్న మాట ఇది. నోరు మూసుకుని పెడల్ పీకేశాను. ఆ రాత్రి ఇంటికెళ్లి స్ట్రైపర్ పెట్టుకున్నాను. ఇదే తిట్టు 40 ఏళ్ల కిందట అమెరికాలో తిన్నవాళ్లు కదా, వాళ్లేం చేశారో చూద్దామని.

వాళ్లది కాలిఫోర్నియా. అన్నదమ్ములు రాబర్ట్ స్వీట్ డ్రమ్స్, మైకేల్ స్వీట్ గొంతూ గిటారూ. ఇంకో గిటార్ ఆజ్ ఫాక్స్, బేస్ టిమ్ గెయిన్స్. మొదట్లో బ్యాండ్ పేరు రాక్స్ రెజీమ్. తర్వాత స్ట్రైపర్ అయ్యారు. ఆ పేరు యెషయా 53:5 నుంచి వచ్చింది. ఇంగ్లిష్‌లో 'స్ట్రైప్స్' అంటే చారలూ, కొరడా దెబ్బలూ కూడా. మన తెలుగు బైబిల్లో అక్కడ 'దెబ్బలు' అని ఉంటుంది కాబట్టి ఆ చమత్కారం మనకి కనపడదు. ఆ చారల కోసమే పైనుంచి కింద దాకా పసుపు, నలుపు బట్టలు. షో మధ్యలో జనంలోకి కొత్త నిబంధన పుస్తకాలు విసిరేవాళ్లు. జిమ్మీ స్వాగర్ట్ లాంటి టీవీ బోధకులు మండిపడ్డారు. మెటల్ కుర్రాళ్లేమో 'వీళ్లు పాస్టర్లు రా' అని నవ్వారు. రెండు వైపులా వాయింపే.

1984లో వచ్చిన 'ద ఎల్లో అండ్ బ్లాక్ అటాక్' ఆరు పాటల చిన్న రికార్డు. సౌండ్ కాస్త పలచగా ఉంటుంది కానీ ఆకలి తెలుస్తుంది. నాకు అసలైన స్ట్రైపర్ మాత్రం 1985 నాటి 'సోల్జర్స్ అండర్ కమాండ్'. రెండు గిటార్లు ఒకదాన్నొకటి పట్టుకుని జంటగా పరిగెడతాయి, వాటి మీద మైకేల్ గొంతు ఎక్కడికో వెళ్లిపోతుంది. మెటల్ అంటే ఒట్టి అరుపే అనుకునేవాళ్లు హెడ్‌ఫోన్స్‌లో ఒక్కసారి వినండి. అరుపు కాదు, శ్రుతిలో ఉన్న గొంతు. ఒక్కరు పాడుతున్నట్టు కూడా ఉండదు, కోరస్‌లో క్వయర్ వినిపిస్తుంది.

1986లో 'టు హెల్ విత్ ద డెవిల్'. ఆ పేరుకి మన వైపు అనువాదం 'సైతాన్ని గోదాట్లో కలవమను' అంతే. పేరుకి తోడు, దేవదూతలు సాతాన్ని పడదోస్తున్న అట్టబొమ్మ మీద కూడా గొడవై, తర్వాత నల్ల అట్ట వేశారు. ఆ ఆల్బమ్ పది లక్షలు దాటి ప్లాటినమ్ అయింది. అందులో 'ఆనెస్ట్‌లీ' అనే నెమ్మది పాట బిల్‌బోర్డ్ హాట్ 100లో 23వ స్థానం దాకా వెళ్లింది.

నా లెక్కలో చిక్కు ఇక్కడే మొదలైంది. ఒక మెత్తని పాట అంత దూరం వెళ్తే తర్వాతి ఆల్బమ్ ఎటు వంగుతుందో ఊహించొచ్చు. 1988 నాటి 'ఇన్ గాడ్ వి ట్రస్ట్'లో మాటల్నిండా దేవుడే, గిటార్లకి మాత్రం పంచదార పాకం పట్టించారు. 1990లో 'ఎగెనెస్ట్ ద లా' వచ్చేసరికి తిరగబడింది. చారల బట్టలు పోయాయి, గిటార్లు మళ్లీ బరువెక్కాయి, మాటల్లో దేవుడి ప్రస్తావన పోయింది. అభిమానులు చాలామంది ద్రోహం అన్నారు. 1992లో మైకేల్ వెళ్లిపోయాడు.

నేను ద్రోహం అనను. వాయిద్యం పరంగా ఆ ఆల్బమ్ 1988 దానికంటే నిజాయితీగా ఉంది. కాకపోతే వినేవాడికి 'మీరెవరు' అన్న సందేహం వచ్చేసింది, అది తప్పించుకోలేరు.

2005లో 'రీబార్న్'తో తిరిగొచ్చారు, సౌండ్ కొత్తకాలం బరువుతో. 2013లో 'సెకండ్ కమింగ్' కోసం పాత పాటలు 14 మళ్లీ రికార్డు చేశారు. అన్నీ మొదటి మూడు రికార్డులవే. 1988ది ఒక్కటీ లేదు, 1990దీ లేదు. ఆ జాబితా చూశాక నేను ఇంటర్వ్యూలు వెతకడం మానేశాను.

సంగీతం మారకూడదని పెద్దాయన ఉద్దేశం. మరి మా ఇంట్లో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీస్తే పాట పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి 19వ శతాబ్దంలో రాసిన కీర్తనలు మనవే అనిపిస్తాయి గానీ, ఆ రాగాలు యూరప్ నుంచి ఓడలో రాలేదుగా! ఎవరో ఒకరు ఇక్కడి బాణీని గుడిలోకి తెచ్చినవాళ్లే.

ఈ వాదన ఆయన ముందు పెట్టే ధైర్యం నాకు లేదు. మొన్న ప్రాక్టీసయ్యాక మెల్లగా ఒక ఇయర్‌ఫోన్ ఆయన చెవిలో పెట్టి 'ఆనెస్ట్‌లీ' వినిపించాను. చివరిదాకా విన్నారు.

"గొంతు బానే ఉందిరా. క్రైస్తవులేనా?"

"అవును మాస్టారూ."

"ఇంకోటి పెట్టు."

'సోల్జర్స్ అండర్ కమాండ్' పెట్టాను. గిటార్ మొదలవగానే ఇయర్‌ఫోన్ తీసేసి నా చేతిలో పెట్టారు. పెడల్ మాత్రం ఎక్కడుందని అడిగారు. ఇంట్లో ఉందన్నాను.

"శనివారం తీసుకురా. సౌండ్ మాత్రం సగానికి తగ్గించు."